మూసే పని తర్వాత

10 జూన్ 2002, సోమవారం

నాంపల్లి రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. ఈ నెలలో ఇది మూడోసారి. ఫోన్ వచ్చేసరికి పదిన్నర. మూడో అంతస్తులోని మా ఆఫీసు నుంచి దిగి, అబిడ్స్ సర్కిల్‌లో ఆటో కోసం కాసేపు చూసి, దొరక్క నడిచే వెళ్ళాను. కౌంటర్ ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. ఒక ముసలాయన నిలబడలేక గోడకు ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు.

వసుమతి గారు మౌస్ మీద చెయ్యి అలాగే పెట్టి తెరవైపు చూస్తున్నారు. రిపోర్టు విండో సగం తెరుచుకుని తెల్లగా నిలిచిపోయింది.

"నేనేం చేయలే తబితా. తెరుస్తుంటె గిట్లనే నిలవడ్డది," అన్నారు మెల్లగా.

సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ పని నాకు తప్ప ఎవరికీ రాదు. అక్కడ రిపోర్టులు తీసే ప్రోగ్రాం మొత్తం రాసింది నేనే. ఇరవై నిమిషాలు పట్టింది. అంతలో డాక్టర్ రామచంద్రమూర్తి గారు తన గదిలోంచి బయటికి వచ్చారు. ల్యాబు ఆయనదే. అందరి ముందే అడిగారు.

"తప్పు మిషన్‌దా, మనిషిదా? అది చెప్పండి చాలు."

మధ్యాహ్నం డ్యూటీ చేసే ప్రహ్లాద్ ఇవాళ తొందరగా వచ్చి ఉన్నాడు. "నా టైములో ఒక్కసారి కూడా ఆగలే సార్," అన్నాడు. చాడీ కాదు. నిజమే చెప్పాడు.

నేను అన్నాను: "ప్రోగ్రాంలో అయితే ఏం లేదు సార్. వాడే పద్ధతిలో ఏమన్నా ఉండవచ్చు."

వసుమతి గారు నావైపు చూడలేదు. తర్వాతి పేషెంటు పేరు పిలిచారు.

11 జూన్

నేను అబద్ధం చెప్పలేదు. 'ఉండవచ్చు' అన్నాను.

14 జూన్, శుక్రవారం

డాక్టరు గారు చెప్పారని ఇవాళ వసుమతి గారికి మళ్ళీ ట్రెయినింగు ఇచ్చాను. పక్కన కుర్చీ వేసుకుని గంట సేపు చూశాను. ఆవిడకు నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై ఏళ్ళు టైపు మిషన్ మీద పని చేసి, మిషన్లకు కాలం చెల్లిపోతుంటే కంప్యూటర్ నేర్చుకుని ఈ ల్యాబులో చేరారు. వేళ్ళు చాలా వేగం. ఒక్క అక్షరం తప్పు పోదు. అంకెలు కొట్టాక కాగితంతో ఒకసారి సరిచూసుకుంటారు. ప్రింటు తీస్తారు. విండో మూస్తారు. తర్వాతి మనిషికి మళ్ళీ తెరుస్తారు.

"ప్రతిసారి మూసుడెందుకక్కా? ప్రహ్లాద్ ఒకటే విండో పెట్టుకుని పేరు మార్చి కొట్టేస్తడు," అన్నాను.

"ఒకరి రిపోర్టు ఇంకొకరికి కనపడొద్దు గద. కౌంటర్ మీద ఒంగి చూస్తరు జనం. మొన్న ఒకామె, పక్కామెకు షుగరెంతున్నదో చదివి చెప్పింది." నవ్వారు. "అయినా మార్చిల నువ్వే చెప్తివి, పనైనంక మూయాలె అని."

చెప్పాను. నిజమే.

ఈ గంటలో ఏమీ ఆగలేదు. పేషెంట్లు తక్కువ, పదకొండు మందే. సాయంత్రం డాక్టరు గారికి ఇచ్చిన నోటులో రాశాను: 'ఆపరేటరు అవసరం లేకున్నా విండోలు పలుమార్లు తెరిచి మూస్తున్నారు. వేగంగా నొక్కడం వల్ల ఇబ్బంది వస్తుండవచ్చు.' ఏదో ఒకటి రాయాలి కదా. ఆయన నోటు అడిగారు.

18 జూన్, మంగళవారం

వసుమతి గారిని తీసేశారు.

పొద్దున పదకొండుకు మళ్ళీ ఆగింది. ఈసారి అనసూయ అనే ఆమె రిపోర్టు లోపల ఇరుక్కుంది. నిండు గర్భిణి. దవాఖానలో ఆపరేషన్‌కు సిద్ధం చేసి పడుకోబెట్టారు. రక్తంలో ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో తెలిస్తే గాని మొదలుపెట్టమన్నారు. ఆమె భర్త కౌంటర్ దగ్గర నిలబడి, "అమ్మా, ఒక్క కాయితం అమ్మా," అని అదే మాట అంటూనే ఉన్నాడు. వసుమతి గారు లోపలికి పరుగెత్తి, ల్యాబు టెక్నీషియన్ దగ్గర అంకెలు తీసుకుని, చేత్తో కాగితం మీద రాసిచ్చారట. డాక్టరు గారు అప్పుడు బయట ఉన్నారు, సంతకం లేని కాగితం చెల్లదని దవాఖాన వాళ్ళు తిప్పి పంపారు. నేను వెళ్ళి సర్వర్ సరిచేసేసరికి పన్నెండున్నర. ఆపరేషన్ మూడు గంటలు ఆలస్యమైంది. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారని సాయంత్రం ఫోన్ చేసి కనుక్కున్నాను.

డాక్టరు గారు ఆవిడ మీద కేకలు వేయలేదు. టేబుల్ మీద నేను రాసిన నోటు ఉంది. దాని మీద వేలు పెట్టి, "వసుమతి గారూ, మీకు ఇది పడటం లేదు. రేపటి నుంచి రాకండి," అన్నారు.

ఆవిడ టిఫిన్ డబ్బా సర్దుకున్నారు. కుర్చీలో వేసుకునే చిన్న దిండు తీసుకున్నారు. తలుపు దగ్గర ఆగి నన్ను అడిగారు, "నేనేం తప్పు నొక్కుతున్ననో నీకన్న కనవడ్డదా తబితా?"

తల అడ్డంగా ఊపాను.

"నాకూ సమజైతలేదు," అన్నారు.

20 జూన్

ప్రహ్లాద్ రెండు డ్యూటీలూ చేస్తున్నాడు. ఏమీ ఆగలేదు.

22 జూన్

ఇవాళా ఆగలేదు. మా ఆఫీసు నడిపే శ్రీపతి గారు చాయ్ తాగుతూ, "చూసినవా, మన ప్రోగ్రాంల ఏం లేకుండె," అన్నారు. అవునన్నాను. మనసు తేలికపడింది. చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం అన్నం సరిగ్గా తిన్నాను.

23 జూన్, ఆదివారం

చర్చి అయ్యాక నాన్నను బస్సెక్కించి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూశాను. కవర్ చిరిగిన జావా ప్రోగ్రామింగు పుస్తకం ఒకటి దొరికింది. నిలబడే పేజీలు తిప్పాను. ఒక చోట ఎవరో విద్యార్థి పెన్సిల్‌తో గీత గీసి ఉంచాడు. ఆబ్జెక్టుకు చెందినది ఆబ్జెక్టుతో పోతుంది. ఆబ్జెక్టులకు అచ్చయిన క్లాసుకు చెందినది పోదు, దాన్ని తెరిచినవాడే మూయాలి. ఆ అర్థంలో ఏదో ఉంది.

నాకు తెలియని సంగతేమీ కాదు. ఇలాంటివి నేనే పిల్లలకు పాఠం చెప్పాను, ఇక్కడికి రాకముందు.

పుస్తకం కొనలేదు. ఎండ ఎక్కువగా ఉందని ఇంటికి వచ్చేశాను.

24 జూన్, సోమవారం

పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి కోడ్ తెరిచాను. వెతకాల్సిన అవసరం కూడా రాలేదు. ఎక్కడుందో నా చేతికి ముందే తెలుసు.

రిపోర్టు విండో తెరిచిన ప్రతిసారీ, రిపోర్టులన్నీ దాచి ఉండే డేటాబేసుకు ఒక కొత్త కనెక్షన్ తెరుచుకుంటుంది. ఆ కనెక్షన్లన్నిటినీ ఒక జాబితాలో పెట్టాను. ఆ జాబితా ఒక్క విండోది కాదు, విండోలన్నిటికీ అచ్చయిన క్లాసుది. ప్రోగ్రాం భాషలో స్టాటిక్. విండో మూస్తే విండో పోతుంది. క్లాసు పోదు, సాయంత్రం ప్రోగ్రాం కట్టేసేదాకా ఉంటుంది. దానితో పాటు ఆ జాబితా, అందులోని ప్రతి కనెక్షనూ తెరుచుకునే ఉంటాయి. డేటాబేసు నలభైకి ఒప్పుకుంటుంది. నలభై ఒకటోది ఎదురు చూస్తూ నిలబడిపోతుంది. తెర తెల్లబడుతుంది.

ప్రహ్లాద్ రోజంతా ఒకే విండోతో పని కానిస్తాడు. అతనికి ఒక్క కనెక్షను చాలు. వసుమతి గారు మనిషికొకసారి మూసి తెరుస్తారు. రద్దీ ఉన్న రోజు పదిన్నర, పదకొండు కల్లా నలభై దాటుతుంది.

నేను పరీక్షించినప్పుడు ఎన్నడూ పది రిపోర్టులకు మించి తెరవలేదు.

ఆ జాబితా పైన, రాసేవాళ్ళు గుర్తుకోసం పెట్టుకునే ఒక వరుస వ్యాఖ్య ఉంది. మార్చి నెలలో రాసింది. 'మూసే పని తర్వాత. – త.'

త అంటే తబిత.

అప్పుడు మర్నాడే డాక్టరు గారికి డెమో ఉండింది. తర్వాత చేద్దామనుకున్నాను. ఆ తర్వాత గౌలిగూడ ల్యాబు పని వచ్చింది. మరిచిపోయాను. లేదు, మరిచిపోలేదు. రెండు మూడు సార్లు గుర్తొచ్చింది. నడుస్తోంది కదా అనుకున్నాను.

25 జూన్

సరిచేశాను. క్లాసు మొత్తానికి ఒకే కనెక్షను, చివర దాన్ని మూసే మెథడ్ ఒకటి. మొత్తం పదకొండు వరుసలు. అరగంట పని.

మార్చి నాటి వ్యాఖ్య తీసేశాను. పని అయిపోయాక అలాంటివి ఉంచరు. అందరూ తీసేస్తారు.

26 జూన్

ల్యాబులో కొత్త వెర్షన్ పెట్టాను. "ఏం మారింది?" అని డాక్టరు గారు అడిగితే, "వేగం పెంచినం సార్," అన్నాను.

3 జూలై, బుధవారం

ప్రహ్లాద్ కూడా ఇప్పుడు విండోలు మూస్తున్నాడు. నేనే చెప్పాను. సోమవారం అరవై రెండు మంది వచ్చారు. ఆగలేదు. "ఆమె పోయినంక మిషన్ సుత బాగుపడ్డది మేడం," అన్నాడు నవ్వుతూ. డాక్టరు గారు కూడా నవ్వారు. హిమాయత్‌నగర్‌లో ఆయన స్నేహితుడి ల్యాబుకు మా ప్రోగ్రాం గురించి గట్టిగా చెప్పారట. శ్రీపతి గారు సంతోషంగా ఉన్నారు.

నేను సరిచేసినందువల్లే ఇప్పుడు ఆవిడ తప్పు రుజువైనట్టయింది. సరిచేయకుండా ఉంటే, ఇలా మూస్తూ తెరుస్తూ పోతే ప్రహ్లాద్ చేతిలో కూడా ఏదో ఒక రోజు ఆగి ఉండేది. అప్పుడైనా ఎవరో ఒకరు అడిగి ఉండేవారు.

7 జూలై, ఆదివారం

మొదటి ఆదివారం. చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. వరుస లేచి ముందుకు వెళ్తుంటే నేను కూర్చునే ఉన్నాను. నాన్న నా పక్కనుంచి దాటుకుని వెళ్ళి, వచ్చి, ఏమీ అనకుండా కూర్చున్నారు. మెదక్‌లో ముప్పై ఏళ్ళు క్రైస్తవ మిషన్ బడిలో పంతులుగా చేసిన మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడేదాకా ఆగడం ఆయనకు అలవాటు.

బస్సులో అడిగారు, "పాణం బాగలేదా బిడ్డా?"

"బాగానే ఉన్నది నాన్నా."

"ఔ," అన్నారు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

9 జూలై

చెప్తే ఏమవుతుంది? ఆవిడకు ఆ పని తిరిగి వస్తుందా? రాకపోవచ్చు. హిమాయత్‌నగర్ ల్యాబు పని పోతుంది. శ్రీపతి గారు ఇద్దరు కుర్రాళ్ళను కొత్తగా పనిలోకి తీసుకున్నారు, వాళ్ళను పంపేస్తారు. ఒకరికి జరిగిన దానికి ముగ్గురు నలుగురు బాధపడాలి. కాబట్టి.

12 జూలై

కాబట్టి అని రాసి ఆపేశాను. మూడు రోజులైనా ఆ తర్వాతి మాట దొరకలేదు.

16 జూలై, మంగళవారం

వసుమతి గారిని చూశాను. నాంపల్లి కోర్టుల దగ్గర ఫుట్‌పాత్ మీద టైపిస్టులు వరుసగా కూర్చుంటారు. గొడుగు కింద ఒక స్టూలు, చెక్కపెట్టె మీద తెలుగు టైపు మిషన్. ఆవిడే. ఒకాయన చెప్తుంటే అఫిడవిట్ కొడుతున్నారు. రెండు వరుసలు కొట్టి ఆగి, వేలితో మళ్ళీ చదువుకుంటున్నారు. మళ్ళీ చదువుకుంటున్నారు. ఆ పెద్దమనిషి విసుక్కున్నాడు.

ఆవిడ అలా చేయరు. నాకు తెలుసు. గంట సేపు పక్కన కూర్చుని చూశాను. ఒక్కసారే సరిచూసుకునేవారు.

రోడ్డు దాటి అవతలి వైపునుంచి వెళ్ళిపోయాను. నన్ను చూశారో లేదో తెలియదు.

17 జూలై, బుధవారం

శ్రీపతి గారికి చెప్పాను. మొత్తం. ఆయన పెన్ను కింద పెట్టి విన్నారు.

"ఇప్పుడు నడుస్తున్నది గద?"

"నడుస్తున్నది సార్."

"మరింకేంది?"

"ఆమె తప్పు లేకుండె సార్. తప్పు నాది."

"తప్పు కంపెనీది. నీ ఒక్కదానిది కాదు. నేను తొందరపెట్టిన, నువ్వు రాసినవ్." క్యాలెండర్ వైపు చూశారు. "హిమాయత్‌నగర్ సంతకం అయ్యేదాక ఆగు తబితా. వచ్చే నెలల చెప్పుదువు. నేనే వచ్చి చెప్త."

ఆయన చెడ్డ మనిషి కాదు. వచ్చే నెల నిజంగానే వస్తారు. నేను సరేననబోయాను. నోటిదాకా వచ్చింది. నేను చెప్పిన 'తర్వాత'కు మూడు నెలలు పట్టింది, అది గుర్తొచ్చింది.

"ముందు ఆమెకు చెప్తాను సార్. ఆ తర్వాత డాక్టరు గారికి."

"నన్ను అడుగుతున్నవా, చెప్తున్నవా?"

"చెప్తున్న సార్."

ఆయన పెన్ను తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టారు.

20 జూలై, శనివారం

కోర్టులకు సెలవు. ఫుట్‌పాత్ మీద ముగ్గురే టైపిస్టులు. వసుమతి గారు వచ్చి ఉన్నారు. నన్ను చూసి, "ఏం తబితా, గిటొచ్చినవ్? అఫిడవిట్టా?" అని స్టూలు జరిపారు.

కూర్చుని చెప్పాను. కనెక్షన్లు, క్లాసు, నలభై, అన్నీ. ఎంత మెల్లగా చెప్పాలనుకున్నా మాటలు తొందరగా వచ్చేశాయి. ఆవిడ మిషన్ మీద గుడ్డ కప్పి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నారు.

"అంటె, నేను మూసినందుకే ఆగింది."

"మీరు మూయడం సరైనదే అక్కా. లోపల నేను మూయలేదు."

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"జూన్ ఇరవై నాలుగున."

ఆవిడ పెదవులు కదిలాయి. రోజులు లెక్కపెట్టుకుంటున్నారని ఆలస్యంగా అర్థమైంది.

"నెల రోజులు కావస్తున్నది," అన్నారు. ఒకతను వచ్చి దరఖాస్తు కొడతారా అని అడిగితే పక్కనాయన్ను చూపించారు.

"మా అమ్మకు యాభై ఏండ్లప్పుడే మతి పోవుడు మొదలైంది. మొదట గిట్లనే. స్టవ్ బంద్ చేసిన అనేది, చేయకపోయేది. ఆఖరికి నన్నే ఎవరు నువ్వు అన్నది. ల్యాబుల గట్ల నిలవడ్డప్పుడల్ల నాకు గదే భయం. నేనేదో నొక్కుతున్న, నొక్కింది నాకు యాదికుంటలేదు అనుకున్న. నువ్వు చదువుకున్న దానివి, పక్కన కూసొని చూసి, ప్రోగ్రాంల ఏం లేదన్నవ్. మరి ఉన్నదెవరిల? నాల."

క్షమించండి అనబోయి మానుకున్నాను. ఆ మాట ఆమెకు చాలా చిన్నదిగా వినిపిస్తుందని అనిపించింది.

"నాకు చూపియ్యి," అన్నారు. "నోటితోని చెప్తె నేను నమ్మ. నా కండ్లతోని చూడాలె."

21 జూలై, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. పదకొండుకు వసుమతి గారు ఆఫీసుకు వచ్చారు. కింద పుస్తకాల వాళ్ళ అరుపులు మూడో అంతస్తు దాకా వినిపిస్తున్నాయి. పాత వెర్షన్ సీడీలో ఉంది. మార్చి నాటి వ్యాఖ్య కూడా అందులో అలాగే ఉంది. అది ముందు చూపించాను. ఆవిడ చదివి, "త అంటె నువ్వేనా," అన్నారు.

"నేనే."

ప్రోగ్రాం మొదలుపెట్టి కుర్చీ ఇచ్చాను. ఆవిడ మౌస్ పట్టుకోవడానికి కొంచెం వెనకాడారు. ఉద్యోగం పోయిన రోజునుంచి కంప్యూటర్ ముట్టుకోలేదట. మొదటి రిపోర్టు తెరిచారు. పేరు కొట్టారు. మూశారు. రెండోది. మూడోది. ఖాళీ విండోలు తెరిచి మూస్తే చాలని చెప్పాను. ఆవిడ వినలేదు. ప్రతిదాంట్లో ఏదో ఒక పేరు కొట్టి, సరిచూసుకుని మూశారు. నేను పక్కన నిలబడి అంకె చెప్తున్నాను. ముప్పై దాటాక ఆవిడ వేళ్ళు నెమ్మదించాయి. నలభై.

నలభై ఒకటి సగం తెరుచుకుని, తెల్లగా నిలిచిపోయింది.

ఆవిడ కదల్లేదు. తెరవైపే చూస్తున్నారు.

"ఇంకోసారి," అన్నారు.

సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఒకటి నుంచి. మళ్ళీ నలభై ఒకటి దగ్గర ఆగింది. అప్పుడు మౌస్ వదిలి, కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. చేతులు తీశాక చూస్తే కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"మా అమ్మ లెక్క కాదు నేను," అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు. వెళ్తూ చెప్పారు, "రేపు కోర్టు కాడికి రా మేడం. గిదంత కాయితం మీద కావాలె నాకు."

మేడం అన్నారు.

22 జూలై, సోమవారం

రాసుకుని వెళ్ళిన కాగితం ఆవిడ పక్కన పెట్టేశారు. "నువ్వు చెప్పు, నేను కొడ్త." రెండు కార్బన్లు పెట్టి, మిషన్‌లోకి కాగితాలు తిప్పారు. చుట్టూ వకీళ్ళు, కేసులకు వచ్చినవాళ్ళు. గొంతు పెంచితేగాని మిషన్ చప్పుడులో వినిపించదు.

"ప్రోగ్రాంలో ఒక లోపం ఉండిపోయినందువల్ల..." అని మొదలుపెట్టాను.

వేళ్ళు ఆగాయి. "ఎవరు ఉంచిన్రు?"

"నేను."

"గట్ల చెప్పు."

"నేను రాసిన ప్రోగ్రాంలో, మూయవలసిన కనెక్షన్లు నేను మూయలేదు."

టకటకా కొట్టారు.

"దానివల్ల శ్రీమతి వసుమతి గారి మీద అపోహ కలిగింది."

మళ్ళీ ఆగారు. "అపోహ ఎట్ల కలిగింది? తనంతట తాను కలిగిందా?"

పక్క టైపిస్టు మమ్మల్నే చూస్తున్నాడు. ఇద్దరు వకీళ్ళు కూడా నిలబడ్డారు. నేను చెప్పాను. పదో తారీఖున అందరి ముందు ఏమన్నానో, పద్నాలుగున నోటులో ఏం రాశానో, ఇరవై నాలుగున ఏం తెలుసుకున్నానో, ఇరవై ఐదున ఏం చెరిపేశానో, ఇరవై ఆరున డాక్టరు గారికి ఏం చెప్పానో. ఒక్కో వాక్యం కొట్టి ఆవిడ తలెత్తి చూస్తారు, తర్వాతిది చెప్తాను. ఆవిడ ముఖంలో కోపం లేదు. పని చేస్తున్న మనిషి ముఖం. ఒకసారి మాత్రం, 'తెలిసిన తరువాత కూడా' అన్న చోట, నేను అనకముందే ఆ మాటలు కొట్టేశారు.

పేజీన్నర అయింది. నన్ను చదవమన్నారు. చదివి మూడు ప్రతుల మీదా సంతకం పెట్టాను. పేరు పూర్తిగా రాయమన్నారు. రాశాను. యేసుదానం గారి కుమార్తె తబిత.

23 జూలై, మంగళవారం

డాక్టరు గారు కాగితం రెండుసార్లు చదివారు. ప్రహ్లాద్‌ను పిలిచి అతని చేత కూడా చదివించారు. అతను తలదించుకుని, "నేను నవ్విన సార్, ఆమె గురించి," అన్నాడు.

"నేనూ నవ్వాను," అన్నారు డాక్టరు గారు. నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఈ కాగితం ఇచ్చినందుకు మెచ్చుకోలేననీ, ఇక మీదట మా ఆఫీసునుంచి వేరే ఎవరినైనా పంపమనీ చెప్పారు. ఆవిడను మళ్ళీ పనికి పిలుస్తానన్నారు. హిమాయత్‌నగర్ స్నేహితుడికి కూడా ఈ సంగతి చెప్పవలసి ఉంటుందన్నారు.

శ్రీపతి గారికి చెప్పాను. వచ్చే నెలాఖరు దాకా ఉండి, చేతిలో ఉన్న పని పూర్తి చేసి వెళ్ళమన్నారు. గౌలిగూడ ల్యాబులో కూడా పాత వెర్షనే ఉంది. మధ్యాహ్నం వెళ్ళి కొత్తది పెట్టి, ఎందుకు పెడుతున్నానో అక్కడి వాళ్ళకు చెప్పి వచ్చాను. అక్కడి ఆపరేటరమ్మాయి, "ఔ మేడం, ఒకసారి ఆగింది. భయపడి ఎవరికీ చెప్పలే," అంది.

సాయంత్రం నాన్నకు అంతా చెప్పాను. విన్నారు. "ఇంకెవరికన్నా చెప్పేదున్నదా?" అని అడిగారు. లేదనుకుంటున్నాను అన్నాను.

28 జూలై, ఆదివారం

వసుమతి గారు పిలిపించారు. గౌలిగూడలో ఇల్లు, మేడ మీద రెండు గదులు. పన్నెండు గంటలకు వెళ్ళాను. ల్యాబు నుంచి డాక్టరు గారే స్వయంగా వచ్చి అడిగారట. ఇంకా జవాబు చెప్పలేదట.

"పని సంగతి తర్వాత చూస్త. ముందు నా బిడ్డకు చెప్పేదున్నది," అని లోపలికి పిలిచారు. "ప్రణవీ, గిటు రా."

ప్రణవి ఆవిడ కూతురు. డిగ్రీ చదువుతోందనుకుంటాను. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గది గోడల మీద చిన్న చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. 'గ్యాస్ బంద్.' 'తాళం చెవి మేకుకు.' 'పాలు – పొద్దున తీసుకున్నం.' అన్నీ ఆ అమ్మాయి చేతిరాత.

వసుమతి గారు మూడో ప్రతిని నా చేతికిచ్చారు. "చదివి వినిపియ్యి మేడం. నేను చెప్తె నన్ను నేనే ఊరడించుకుంటున్న అనుకుంటది."

చదివాను. ఇంతకుముందు చదివిన కాగితమే. ఆ చీటీల మధ్య నిలబడి చదవడం వేరుగా ఉంది. సగంలో వరుస తప్పి, చదివిందే మళ్ళీ చదివాను. ప్రణవి నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది తనే చదువుకుంది. చదివినంతసేపూ ఒక చేయి తల్లి భుజం మీద ఉంది.

తర్వాత నన్ను అడిగింది. గొంతు పెంచలేదు. "మేడం, అమ్మను పెద్ద డాక్టర్ కాడికి తీస్కపోయినం. ల్యాబుల జరిగింది చెప్పినం, అమ్మమ్మ సంగతి చెప్పినం. ఆయన గోలీలు రాసిన్రు. జూన్ నెలాఖరు నుంచి వేస్తున్నది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. గవి వేస్తె చేతులు వణుకుతున్నయ్, మత్తు వస్తున్నది. ఇప్పుడు బంద్ చేయొచ్చా?"

జూన్ నెలాఖరు. నేను సరిచేసిన వారం అది.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "డాక్టరు గారినే అడగాలి. ఈ కాగితం చూపించండి. కావాలంటే నేనూ వచ్చి ఆయనకు చెప్తాను."

ప్రణవి తల్లివైపు చూసింది. వసుమతి గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చీర కొంగుతో ఒకసారి తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. తాళం చెవి నడుముకు దోపుకున్నారు.

"వద్దు," అన్నారు. "మేమిద్దరం పోతం."

చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. వెనక ఎవరో గోడ మీది చీటీ చింపుతున్న చప్పుడు వినిపించింది. ఆగి పైకి చూడలేదు.